వణుకును చదవడం: కుంగుబాటు మందులు, కండరాలు, అత్యవసర చికిత్స – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కుంగుబాటు నివారణకు వాడే కొన్ని ఔషధాలు ఇతర మందులతో కలిసినప్పుడు శరీరంలో సెరొటోనిన్ ప్రభావం మితిమీరి, కండరాలలో వణుకు, కుదుపు, బిగువు కనిపిస్తాయి. నేడు ‘సెరొటోనిన్ సిండ్రోమ్’గా వ్యవహరిస్తున్న ఈ స్థితిని అత్యవసర చికిత్సా విభాగాలు చాలాకాలం వేరే పేర్లతో నమోదు చేశాయి. 1984లో న్యూయార్క్‌లో మరణించిన లిబ్బీ జయాన్ ఉదంతాన్ని కేంద్రంగా తీసుకొని, కండరాలలో కనిపించే లక్షణానికి వైద్యంలో సాక్ష్యపు హోదా ఎలా దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైద్యచరిత్ర, కుంగుబాటు మందులు, సెరొటోనిన్, క్లోనస్, హిస్టీరియా, లిబ్బీ జయాన్, అత్యవసర చికిత్స.

1. ప్రవేశిక:
కుంగుబాటు మందుల దుష్ప్రభావాలు అనగానే మగత, బరువు పెరగడం, నోరు ఎండిపోవడం వంటివి స్ఫురిస్తాయి. మనసుకు ఇచ్చే మందు కండరాన్ని కదిలిస్తుందన్న ఆలోచన సులభంగా రాదు. అయితే అత్యవసర విభాగంలో ఈ మందుల విషప్రభావాన్ని మొదట పట్టి ఇచ్చేది చాలాసార్లు కండరమే. చీలమండ దగ్గర ఆగకుండా కొట్టుకునే పాదం, మోకాలి కింద చిన్నగా తట్టినా ఎగిరిపడే కాలు, పక్కలకు కొట్టుకులాడే కనుగుడ్లు వైద్యునికి ఆధారాలు. వీటిని ఆధారాలుగా గుర్తించడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఈ ఆలస్యానికి జ్ఞానలోపం ఒక్కటే కారణం కాదని, అందుబాటులో ఉన్న జ్ఞానానికీ రోగి మంచానికీ మధ్య ఉన్న దూరం అసలు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. క్షయ వార్డులో మొదలైన కథ:
సెరొటోనిన్ అనే పేరులోనే కండరపు బిగువు ఉంది. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, అర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. రక్తపు సీరంలో ఉండి రక్తనాళాలకు బిగువును, అనగా టోన్‌ను, ఇస్తుంది కనుక రెండు మాటలనూ కలిపి దానికి పేరు పెట్టారు. వారి దృష్టి ఉన్నది రక్తనాళాల గోడలలోని నునుపు కండరంపైన. చేతులనూ కాళ్ళనూ కదిలించే కండరాలతో ఈ పదార్థానికి గల సంబంధం తరువాత బయటపడింది.

మొదటి తరం కుంగుబాటు మందు పుట్టింది క్షయ వార్డులో. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో ఉన్న సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అనే కొత్త మందును ఇచ్చి చూశారు. రోగులు అనూహ్యమైన ఉత్సాహంతో, ఆకలితో కనిపించారు. మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుందని అదే కాలంలో తేలింది. మెదడులో సెరొటోనిన్ వంటి రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంజైము అది. 1957లో నేథన్ క్లైన్ దీనిని కుంగుబాటు చికిత్సకు మళ్ళించాడు. ఈ కోవకు చెందిన మందులను వాటి ఆంగ్లనామపు తొలి అక్షరాలతో ‘మావో నిరోధకాలు’ అంటారు.

ఈ మందు కుంగుబాటుకు చికిత్సగా పేరు తెచ్చుకోకముందే ప్రమాదం కనిపించింది. ఐప్రోనియాజిడ్ వాడుతున్న ఒక క్షయరోగి పెథిడిన్ ఇచ్చిన తరువాత మరణించిన ఉదంతం 1955లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో అచ్చయింది. దానిని ‘విషప్రభావం వల్ల కలిగిన మెదడువాపు’గా అందులో వర్ణించారు. పెథిడిన్ నొప్పి తగ్గించే మందు. మన ఆసుపత్రులకూ చిరపరిచితమైనది. అది సెరొటోనిన్‌ను నాడీకణాలు తిరిగి పీల్చుకోకుండా కొంతమేర ఆపుతుందని తరువాత తెలిసింది. ఒక మందు సెరొటోనిన్ విచ్ఛిన్నం కాకుండా ఆపితే, రెండోది దానిని నాడీకణాల సంధిలోనే నిలిపి ఉంచుతుంది.

1960లో ఓట్స్, స్యోర్డ్స్‌మా అనే పరిశోధకులు మావో నిరోధకం వాడుతున్న రోగులకు ట్రిప్టోఫాన్ ఇచ్చి, కలిగిన నాడీ లక్షణాలను నమోదు చేశారు. ట్రిప్టోఫాన్ సెరొటోనిన్ తయారీకి శరీరం వాడుకునే ముడిసరుకు. 1971లో గ్రహామ్-స్మిత్ ఎలుకలపై ఇదే కలయికను ప్రయోగించగా అవి విపరీతంగా కదిలాయి, వాటి ఒళ్ళు వేడెక్కింది. ‘సెరొటోనిన్ సిండ్రోమ్’ అనే మాట ముందు ఎలుకల ప్రవర్తనను వర్ణించడానికే ప్రయోగశాలల్లో స్థిరపడింది. మనుషుల్లోనూ అది సంభవించవచ్చునని 1982లో థామస్ ఇన్సెల్ బృందం రాసింది. ఎలుక నుంచి మనిషికి ఈ పేరు చేరిన రెండేళ్ళకే లిబ్బీ జయాన్ ఆసుపత్రికి వచ్చింది.

3. 1984 మార్చి 4 రాత్రి:
లిబ్బీ జయాన్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. వెర్మాంట్‌లోని బెనింగ్టన్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థిని. తండ్రి సిడ్నీ జయాన్ పేరున్న పాత్రికేయుడు. కుంగుబాటుకు ఆమె ఫినెల్‌జిన్ వాడుతోంది; అది మావో నిరోధకం. కొన్ని రోజులుగా జ్వరంతో బాధపడుతున్న ఆమెను మార్చి 4 రాత్రి న్యూయార్క్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు. జ్వరం, ఆందోళన, శరీరంలో వింతైన కుదుపులు, అయోమయం ఆనాటి లక్షణాలు. జబ్బేమిటో తేలకపోవడంతో ద్రవాలు ఎక్కించి గమనించడానికి వార్డులో చేర్చుకున్నారు. ఆమెను చూసింది శిక్షణ మొదటి సంవత్సరంలో ఉన్న ఒక ఇంటర్న్, రెండవ సంవత్సరంలో ఉన్న ఒక రెసిడెంటు. కుటుంబ వైద్యునితో ఫోనులో సంప్రదించారు. వారి తాత్కాలిక నిర్ధారణ ‘హిస్టీరియా లక్షణాలతో కూడిన వైరల్ సిండ్రోమ్’. వణుకు తగ్గడానికి పెథిడిన్ ఇచ్చారు.

ఆ రాత్రి ఇంటర్న్ చేతిలో పదుల సంఖ్యలో ఇతర రోగులున్నారు. రెసిడెంటు పక్క భవనంలో కాసేపు నిద్రపోవడానికి వెళ్ళాడు. పిలిస్తే పలికే దూరం. రోగి ఆందోళన తగ్గకపోగా పెరిగింది. నర్సులు ఫోను చేశారు. కట్టుగుడ్డలతో మంచానికి కట్టమని, తరువాత హాలోపెరిడాల్ ఇవ్వమని ఫోనులోనే ఆదేశాలు వెళ్ళాయి. చివరకు ఆమె నిద్రలోకి జారుకుంది. తెల్లవారి ఆరున్నరకు శరీర ఉష్ణోగ్రత 107 డిగ్రీల ఫారన్‌హీట్. జ్వరం తగ్గించే ప్రయత్నాలు ఫలించకముందే గుండె ఆగిపోయింది.

మరణకారణంపై న్యాయస్థానాలలో సంవత్సరాల తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఆమె శరీరంలో కొకెయిన్ జాడలున్నాయని ఆసుపత్రి పక్షం వాదించింది. కుటుంబం దానిని ఖండించింది. ఫినెల్‌జిన్, పెథిడిన్‌ల కలయిక వల్ల కలిగిన సెరొటోనిన్ విషప్రభావమే వైద్యసాహిత్యంలో ఎక్కువమంది అంగీకరించే వివరణ. నేను అనుసరిస్తున్నదీ అదే.

4. హిస్టీరియా అనే మాట చేసిన పని:
ఈ ఉదంతంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ రాత్రి రాసుకున్న నిర్ధారణలోని భాష. ‘వైరల్ సిండ్రోమ్’ అన్నది జ్వరాన్ని వివరించింది. మిగిలింది కుదుపు. దానికి శరీరంలో కారణం దొరకనప్పుడు ‘హిస్టీరియా’ ఆ ఖాళీని నింపింది. గ్రీకు భాషలో గర్భాశయాన్ని సూచించే పదం నుంచి వచ్చిన ఈ మాట పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో ప్రదర్శనల ద్వారా ప్రాచుర్యం పొందింది. స్త్రీల శరీరాల మెలికలను, వంపులను అక్కడ ఫొటోలుగా తీసి భద్రపరిచారు. కదులుతున్న స్త్రీశరీరం గురించి ఏదో చెప్పినట్టే ఉండి పరిశోధనను మూసివేసే శక్తి ఆ పదానికి అప్పటి నుంచీ ఉంది. అమెరికన్ మానసిక వైద్యసంఘం 1980లో వెలువరించిన రోగవర్గీకరణ గ్రంథం హిస్టీరియాను ప్రత్యేక వ్యాధిగా తొలగించింది. 1984లో వార్డు రికార్డులో అది వాడుకమాటగా బతికే ఉంది.

ఆ నిర్ధారణ తరువాతి చర్యలనూ నిర్ణయించింది. కుదుపు మనసులోంచి వస్తోందనుకుంటే దానిని అణచాలి, కట్టాలి, నిద్రపుచ్చాలి. కండరంలోంచి వస్తోందనుకుంటే చేయవలసినది వేరు. సెరొటోనిన్ విషప్రభావంలో వేడి పుట్టేది ప్రధానంగా కండరాల ఎడతెగని సంకోచం వల్ల. మామూలు జ్వరంలో మెదడు తన ఉష్ణోగ్రత అవధిని పెంచుకుంటుంది కనుక పారాసిటమాల్ పనిచేస్తుంది. ఇక్కడ అవధి మారదు, కొలిమి కండరంలో ఉంటుంది. అందుచేత జ్వరపు మందులు ఉపయోగపడవు. కట్టివేయడం మరింత ప్రమాదం. కట్టుకు ఎదురుగా గుంజుకునే కండరం కదలలేకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, వేడి పెరుగుతుంది. 2005లో బోయర్, షానన్ రాసిన ప్రసిద్ధ సమీక్షావ్యాసం ఈ కారణంగానే శారీరక బంధనాన్ని వద్దంటుంది. అది సూచించేది డయజిపామ్ కోవకు చెందిన మందులతో శాంతపరచడం, ఉష్ణోగ్రత 41.1 డిగ్రీల సెల్సియస్ దాటితే కండరాలను మందుతో పూర్తిగా సడలించి కృత్రిమ శ్వాస ఇవ్వడం. ఆ సడలింపుకైనా సక్సినైల్‌కొలీన్ వాడరాదు: కండరకణాలు చిట్లి పొటాషియం రక్తంలోకి చేరుతున్న స్థితిలో అది గుండెకు ముప్పు. సమీక్ష పేర్కొన్న విరుగుడు సిప్రోహెప్టడీన్. మన ఇళ్ళలో అది బక్కపిల్లలకు ఆకలి పుట్టించే సిరప్‌గా పరిచయం. సెరొటోనిన్ గ్రాహకాలను అడ్డుకునే గుణం కూడా దానికుంది.

ఈ వివరాలన్నీ 1984లో అందుబాటులో లేవు. కాని మావో నిరోధకాలతో పెథిడిన్ ఇవ్వరాదన్న హెచ్చరిక మాత్రం అప్పటికే అచ్చులో ఉంది. విచారణలలో సాక్ష్యం చెప్పిన కొందరు సీనియర్ వైద్యాచార్యులు ఈ కేసుకు ముందు ఆ సంగతి తాము వినలేదన్నారు. గురువులే వినని సంగతిని ఇంటర్న్ తెలుసుకొని ఉండవలసిందన్న ఆరోపణలో ఎంత న్యాయముందో పాఠకులే ఆలోచించగలరు.

5. ఎనభై గంటలు:
సిడ్నీ జయాన్ పోరాటం ఈ మరణాన్ని చరిత్రలో నిలిపింది. 1986లో మన్‌హాటన్ గ్రాండ్ జ్యూరీ వైద్యులపై నేరాభియోగం మోపలేదు గాని శిక్షణ వ్యవస్థను తీవ్రంగా తప్పుపట్టింది. రాష్ట్రం నియమించిన సంఘానికి బెర్‌ట్రాండ్ బెల్ అధ్యక్షుడు. ఆ సంఘం సిఫార్సులతో న్యూయార్క్ రాష్ట్రం 1989లో నిబంధనలు తెచ్చింది: రెసిడెంట్లు వారానికి 80 గంటలకు మించి, ఏకధాటిగా 24 గంటలకు మించి పనిచేయరాదు; సీనియర్ వైద్యుల పర్యవేక్షణ ఎల్లవేళలా ఉండాలి. 2003లో 80 గంటల పరిమితి అమెరికా అంతటా శిక్షణ కార్యక్రమాలకు వర్తించింది. 1995లో సివిల్ జ్యూరీ కుటుంబానికి 3,75,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

ఆ తరువాత లిబ్బీ జయాన్ పేరు అలసిన వైద్యుల కథగా స్థిరపడింది. ఔషధవిజ్ఞానం తెలిసినవారు దీనిపై విసుక్కోవడం కద్దు: పన్నెండు గంటలు నిద్రపోయి వచ్చిన వైద్యుడైనా ఆ రాత్రి పెథిడిన్ ఇచ్చి ఉండేవాడని వారి వాదం. అందులో నిజముంది. అయినా రెండు కథలనూ విడదీయడం సరికాదని నా అభిప్రాయం. క్లోనస్‌ను పరీక్షించాలంటే రోగి పాదాన్ని చేత్తో పట్టుకొని ఒక్కసారిగా పైకి వంచి, కండరం ఎన్నిసార్లు తిరిగి కొట్టుకుంటుందో చూడాలి. ఫోనులో అది సాధ్యం కాదు. కట్టుగుడ్డల ఆదేశం ఫోనులో వెళ్ళడానికి కారణం ఇంటర్న్ మరెక్కడో మరో రోగి దగ్గర ఉండటమే. పనిభారం శరీరాన్ని తాకే అవకాశాన్ని తీసివేసింది; ఆ చోటులోకే ‘హిస్టీరియా’ అన్న మాట వచ్చి కూర్చుంది. చట్టం గంటలను లెక్కించింది. కండరాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న వేరే ఖండంలో పరిష్కారమయింది.

6. చీలమండ దగ్గర దొరికిన ఆధారం:
1991లో హార్వే స్టెర్న్‌బాక్ అప్పటివరకు అచ్చయిన 38 మంది రోగుల వివరాలను కూర్చి పది లక్షణాల పట్టికను ఇచ్చాడు. వాటిలో మూడుంటే సెరొటోనిన్ సిండ్రోమ్. ఫ్లూయోక్సెటీన్ 1987 చివర అమెరికాలో అనుమతి పొంది, కుంగుబాటు మందుల వాడకం వేగంగా విస్తరిస్తున్న కాలమది, పట్టిక అవసరమే. కాని అందులో అయోమయం, ఆందోళన, విరేచనాలు, జ్వరం, కుదుపు అన్నిటికీ సమాన విలువ. కండర లక్షణం ఒక్కటీ లేకుండానే ఆందోళన, విరేచనాలు, జ్వరం ఉన్న రోగి ఈ పట్టికలో ఇమిడిపోతాడు. అటువంటివారు ప్రతి క్యాజువాల్టీలో ప్రతి రాత్రీ ఉంటారు.

ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో విషచికిత్సా నిపుణులు మరో దారిలో వెళ్ళారు. మందులు అధికమోతాదులో మింగి తమ ఆసుపత్రికి వచ్చినవారి వివరాలను వరుసగా నమోదు చేస్తూ వచ్చారు. సెరొటోనిన్‌ను పెంచే మందు మింగినవారిలో ఏయే లక్షణాలు నిజంగా రోగాన్ని వేరుచేసి చూపుతాయో గణించారు. డంక్లీ, ఇస్‌బిస్టర్, వైట్ తదితరులు 2003లో ప్రకటించిన ‘హంటర్ ప్రమాణాలు’ వాటి ఫలితం. ఇందులో కండరానిదే పెద్దపీట. సెరొటోనిన్ మందు వాడిన రోగికి తనంతట తానే వచ్చే క్లోనస్ ఉంటే మరో లక్షణం అక్కరలేదు. పరీక్షలో తెప్పించిన క్లోనస్ గాని కంటి క్లోనస్ గాని ఆందోళనతోనో చెమటతోనో కలిస్తే చాలు. వణుకు, అతిగా ఎగిరే ప్రతీకార చర్యలు కలిసి ఉన్నా చాలు. కండరాల బిగువు, 38 డిగ్రీలు దాటిన జ్వరం, క్లోనస్ కలయిక చివరిది. విషచికిత్సా నిపుణుని నిర్ధారణతో పోల్చినప్పుడు ఈ ప్రమాణాల సున్నితత్వం 84 శాతం, నిర్దిష్టత 97 శాతం. స్టెర్న్‌బాక్ పట్టికకు అవి 75, 96.

మరో చిక్కునూ కండరమే విడదీసింది. మానసిక రోగాలకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటి మందులూ జ్వరం, బిగువు, అయోమయం కలిగించగలవు. ఫ్రెంచి వైద్యులు 1960 నాటికే దానిని వర్ణించారు. పైపైన రెండూ ఒకేలా ఉంటాయి. కాని ఆ రోగిలో శరీరమంతా సీసపు గొట్టంలా బిగుసుకొని ప్రతీకార చర్యలు మందగిస్తాయి, లక్షణాలు రోజుల మీద ముదురుతాయి. సెరొటోనిన్ రోగిలో కాళ్ళు చేతులకన్నా ఎక్కువగా కుదుపుకు లోనవుతాయి, అదీ గంటల వ్యవధిలో. బిగువు మరీ తీవ్రమైతే క్లోనస్‌ను కప్పివేస్తుందన్న హెచ్చరిక కూడా ఉంది.

జ్ఞానం వార్డుకు చేరిందా అంటే వెంటనే కాదు. కుంగుబాటు మందు నెఫజడోన్‌పై బ్రిటన్‌లో జరిగి 1999లో అచ్చయిన పర్యవేక్షణ అధ్యయనంలో, సాధారణ వైద్యులలో 85 శాతానికి పైగా ఈ సిండ్రోమ్ గురించి ఎరుగరని తేలింది. అది స్టెర్న్‌బాక్ వ్యాసం వెలువడిన ఎనిమిదేళ్ళ తరువాత.

7. ‘నరాల మందు’ – మళ్ళీ క్షయ వార్డు:
తెలుగువారి అత్యవసర విభాగాలలో ఈ చరిత్రకు భాషాపరమైన మరో పార్శ్వం ఉంది. సెరొటోనిన్ సిండ్రోమ్‌ను నిర్ధారించే రక్తపరీక్ష లేదు. కండర పరీక్ష ఒక కాలైతే, ఏ మందులు వాడారన్న ప్రశ్న రెండో కాలు. ఆ ప్రశ్నకు మన ఇళ్ళలో తరచుగా వచ్చే జవాబు ‘నరాల మందు’. ఎస్సిటలోప్రామ్ నరాల మందే, బీ విటమిను బిళ్ళ నరాల మందే, తిమ్మిర్లకు ఇచ్చే గాబాపెంటిన్ నరాల మందే. తలనొప్పికి రాసిన అమిట్రిప్టిలిన్ కుంగుబాటు మందుల కుటుంబానిదని వాడేవారికి తెలియకపోవచ్చు. ‘మతికి మందులు’ వాడుతున్నారని చెప్పుకోవడంలోని బిడియం ఈ గంపగుత్త మాటను ఇంకా బలపరిచింది. మరోవైపు, ఆ రోగికే నొప్పికి ట్రమడాల్, దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఇవ్వడం సాధారణం. రెండూ సెరొటోనిన్‌ను పెంచేవే.

లక్షణం చెప్పే మాటలు ఇంత మొద్దుబారినవి కావు. వణుకు, కుదుపు, ఈడ్పు, కొంకర్లు పోవడం, కాళ్ళు పీకడం, నరాలు లాగడం అని తెలుగు కండర కదలికలను సన్నగా వేరుచేస్తుంది. పాదం ‘టకటకా కొట్టుకుంటోంది’ అని ఒక తల్లి చెబితే అది క్లోనస్ వర్ణనకు దగ్గర. దానిని ‘ఫిట్స్’ అని కేసుషీటులో రాస్తే వర్ణన పోయి పేరు మిగులుతుంది. ‘హిస్టీరియా’ విషయంలో జరిగినదీ ఇటువంటిదే. వైద్యవిద్యలో రోగి భాషకు చోటు కల్పించే ప్రయత్నాలలో తెలుగు శాఖలు పాలుపంచుకోవలసిన చోటు ఇదని నేను భావిస్తాను.

లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్ 2000లో అమెరికాలో అనుమతి పొందింది. అది బలహీనమైన మావో నిరోధకం కూడా. కుంగుబాటు మందులతో అది కలిసినప్పటి ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. 2024లో భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ మందులకు లొంగని క్షయకు బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లైనెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్‌ల కొత్త చికిత్సను ఆమోదించింది. 1952లో క్షయ మందు మావో నిరోధకమని తేలింది. నేడు మరో మావో నిరోధకం క్షయ మందయింది. నెలల తరబడి ఈ చికిత్స పొందేవారిలో కుంగుబాటు అరుదు కాదు. క్షయ మందుల కార్డు ఒకచోట, మానసిక వైద్యుని చీటీ మరోచోట ఉన్న రోగి రాత్రివేళ వణుకుతో క్యాజువాల్టీకి వచ్చినప్పుడు, వెంట వచ్చినవారు ఏ కాగితం తీసి చూపిస్తారన్నది ఇప్పటికీ వారి మాటల మీదనే ఆధారపడి ఉంది.